తాళంచెవి ఉన్న చుట్టం

తిమోక్ నది ఒడ్డున ఉన్న ఆ చిన్న ఊళ్ళో విదోసావ చేతి వంట తినకుండా పెద్దయిన మనిషి లేడు. స్టేషను పక్క హోటల్లో వంటింటిని ముప్ఫై ఏళ్ళు ఏలింది ఆవిడ. రైలు తప్పిపోయినవాడికి వేడివేడి చిక్కుడు గింజల పులుసు, రైలు దిగినవాడికి రొట్టె, తాగొచ్చి పట్టాల మీద పడుకుంటానని బెదిరించేవాడికి ముందు నాలుగు తిట్లు, ఆ తర్వాత అదే పులుసు. ఎవర్నీ ఖాళీ కడుపుతో పంపి ఎరగదు. అంతమందికి పెట్టిన చెయ్యి ఇప్పుడు చెంచా పట్టుకుంటే వణుకుతోంది. పైవాడికి వేళాకోళం కాస్త ఎక్కువే.

రెండు చలికాలాల కిందట రొట్టెల కొట్టు ముందు మంచు మీద జారి పడి తుంటి ఎముక విరగ్గొట్టుకుంది. డాక్టర్లు ఇనప ముక్కేదో పెట్టి కుట్టారు గాని, అప్పట్నుంచీ వాకర్ లేకుండా అడుగు పడదు. మొగుడు తిహోమీర్ పోయి చాలా కాలమైంది. పిల్లల్లేరు. అందుకని ఇంటికొచ్చి చూసుకోడానికి మునిసిపాలిటీవాళ్ళు ఒక మనిషిని పంపారు.

ఆ మనిషి పేరు జోరిత్సా. మూతపడ్డ బట్టల మిల్లులో సగం జీవితం గడిపి వచ్చింది. మగ్గాల చప్పుడుని మించి మాట్లాడీ మాట్లాడీ, ఇప్పుడు గుసగుసలాడినా వీధి చివరకి వినిపిస్తుంది. ఆఫీసువాళ్ళిచ్చిన తాళంచెవితో తలుపు తీసుకుని, "పెద్దమ్మా, బతికే ఉన్నావా?" అంటూ లోపలికొస్తుంది.

"నిన్ను సాగనంపాకే నేను పోయేది," అని లోపల్నుంచి విదోసావ.

వాళ్ళిద్దరికీ పొద్దున్నే ఇదే దణ్ణం.

మొదట్లో మాత్రం ఇంత సరసంగా లేదు వ్యవహారం. ఇంట్లోకొచ్చిన మనిషికి ముందు ఒక చెంచా పండ్ల పాకం, ఒక గ్లాసు మంచినీళ్ళు ఇవ్వాలి. ఆ తర్వాతే కాఫీ, ఆ తర్వాతే ఏ కబురైనా. విదోసావ ఏ పని మర్చిపోయినా ఇది మర్చిపోదు. మొదటిరోజే తెల్ల చెర్రీ పాకం జాడీ బల్ల మీద పెట్టించింది. జోరిత్సా జాడీ వంకైనా చూడలేదు.

"మాకు రూలుంది పెద్దమ్మా. పనికెళ్ళిన ఇంట్లో ఏమీ ముట్టకూడదు," అని, సంచిలోంచి ఫ్లాస్కు తీసి తన టీ తానే పోసుకుంది. విదోసావ ఇంట్లో! విదోసావ బల్ల మీద!

ముసలావిడకి అరికాలి మంట నెత్తికెక్కింది. "నా ఇంట్లో చుక్క నీళ్ళు ముట్టనిదానివి, నా ఒంటి మీద చెయ్యెలా వేస్తావే?"

"సబ్బుతో వేస్తా."

అంతే, విదోసావ స్నానం మానేసింది. జోరిత్సా బలవంతపెట్టలేదు. ఇల్లు తుడిచింది, వంట చేసింది, మందులిచ్చింది, వెళ్ళింది. మర్నాడూ అంతే. రోజులు గడిచేకొద్దీ పంతం కంపు కొట్టడం మొదలెట్టింది. చివరికి ఒకరోజు విదోసావ తనే, "నీళ్ళు కాగాయా?" అని గోడకేసి చూస్తూ అడిగింది.

ఆ రోజే తెలిసింది ఆవిడకి ఈ మనిషి ఎలాంటిదో. ఒంటి మీద నీళ్ళు పోసే ముందు తన మణికట్టు మీద పోసి చూసుకుంది. "ఇప్పుడు వీపు," "ఇప్పుడు చెయ్యెత్తు," అని ముందు చెప్పి మరీ ముట్టుకుంది. కడుగుతున్నంత మేరే తువ్వాలు తీసింది, మిగతాదంతా కప్పే ఉంచింది. ఆసుపత్రిలో లాగా "బంగారుతల్లీ, బుజ్జితల్లీ" అని చంటిపిల్లతో మాట్లాడినట్టు మాట్లాడలేదు. తర్వాత హీటరు మీద వెచ్చబెట్టిన పొడుగు మేజోళ్ళు, బిగుతుగా ఉండే ఆ మొండివాటిని, వేళ్ళ దగ్గర్నుంచి కొంచెం కొంచెంగా చుట్ట విప్పుతూ మోకాలి దాకా ఎక్కించింది. విదోసావ ఏమీ అనలేదు. అనకపోవడమే ఆవిడ మెచ్చుకోలు.

అయినా చెర్రీ పాకం జాడీ మీద మాత్రం సంధి కుదరలేదు. ఏడాది కావస్తున్నా జాడీ ఒకవైపు, ఫ్లాస్కు ఒకవైపు ఎదురెదురుగా నిలబడే ఉన్నాయి.

ఇక విదోసావ మనసులో ముల్లు వేరే ఉంది. అక్కడ ప్రతి ఇంటికీ కాపుకాసే ఒక క్రైస్తవ సాధువు ఉంటాడు, ఆయన పేరుతో ఏటా ఒక పండగ, స్లావా. తిహోమీర్ ఇంటి సాధువు దిమిత్రి; పండగ నవంబరు చలిలో వస్తుంది. స్లావాకి ఎవర్నీ పిలవరు. పిలవకుండానే వస్తారు. ఆ ఒక్కరోజూ తలుపు తెరిచి, కొవ్వొత్తి వెలిగించి, గుమ్మంలో ఇంటావిడ నిలబడి, ఉడికించిన గోధుమలూ అక్రోటు పప్పూ చక్కెరా కలిపిన తీపిముద్ద ప్రతివాడికీ ఒక చెంచా తన చేత్తో అందించాలి. కిందటేడు, జోరిత్సా రాకముందు, విదోసావ ఆ రోజు ఇంట్లో దీపాలన్నీ ఆర్పేసి చీకట్లో కూర్చుంది. రెండు చేతులూ వాకర్‌కే సరిపోతే పళ్ళెం ఎవరు పట్టుకుంటారు? బెల్లు మోగింది, మళ్ళీ మోగింది. పక్కింటి మిలుంకా గొంతు, "పడుకున్నట్టుంది, పాపం," అంది. ఆ "పాపం" అన్న మాట ఏడాదిగా చెవిలో ఉండిపోయింది. తన జీవితంలో అంత సిగ్గుపడ్డ రోజు ఇంకోటి లేదు.

ఈసారి అలా జరగదు. తను ముందు వాకర్‌తో నడుస్తుంది, వెనక జోరిత్సా పళ్ళెం పట్టుకొస్తుంది, చెంచా అందించేది తనే. జోరిత్సా ఎప్పుడో ఒప్పుకుంది. వేసవి నుంచీ విదోసావ లోలోపల ఆ రోజు కోసమే బతుకుతోంది.

పండగకి ఇంకా కొన్ని వారాలుందనగా ఆఫీసునుంచి ఫోనొచ్చింది. ఇళ్ళల్లో సేవ ఎలా జరుగుతోందో, ఎవరికి ఎంత అవసరమో చూసి పోడానికి తనిఖీ మనిషి వస్తాడట. ఉన్నదున్నట్టు చెప్పడానికి మొహమాటం ఉండకూడదని, ఆ పొద్దున చూసుకునే మనిషి ఇంట్లో ఉండకూడదట.

జోరిత్సా ముందురోజు సాయంత్రం నడుం మీద చేతులు పెట్టుకుని పాఠం చెప్పింది. "చూడు పెద్దమ్మా. వాడొచ్చినప్పుడు లేవకు. ఏమీ పెట్టకు. నైటీతోనే కూర్చో. చాతకానిది చాతకాదని చెప్పు. అర్థమైందా?"

"అర్థమైంది."

"వాడికి కాఫీ పెట్టవుగా?"

"నేనెందుకు పెడతాను?"

"నీ మొహం చూస్తే పెట్టేలాగే ఉంది."

"నా మొహం పుట్టినప్పట్నుంచీ ఇంతే," అంది విదోసావ.

ఇంటికొచ్చినవాడికి ఏమీ పెట్టకుండా, నైటీలో, జుట్టు రేపుకుని కూర్చోవడమా? చచ్చాక చూద్దాంలే! తెల్లవారకముందే లేచింది. వాకర్‌కి గుడ్డసంచి కట్టుకుంది. ఒకసారికి ఒక కప్పు, ఒకసారికి ఒక గ్లాసు, మధ్యలో మంచం మీద కూలబడి ఆయాసం తీర్చుకోవడం, మళ్ళీ లేవడం. కరెంటు పొయ్యిని కుర్చీ పక్క బల్ల మీదకి చేర్చేసరికి తలప్రాణం తోకకొచ్చింది. నిన్న జోరిత్సా చేసిపెట్టిన జున్ను పొరల రొట్టెని ముక్కలుగా కోసింది. నీలం జాకెట్టు, దానికి వెండి పిన్ను, పెదాలకి రంగు. లంగా కూడా ఎలాగో నెత్తిమీంచి వేసుకుంది. అన్నీ అయ్యాయి.

మేజోళ్ళు తప్ప.

హీటరు మీద ఆరేసి ఉన్నాయవి, చెయ్యి అందినంతలోనే. కాని వంగాలిగా! వంగబోతే తుంటిలో కత్తి దిగినట్టయింది. ఇంటి జోళ్ళు మంచం కిందకి ఎటో పోయాయి. బోసి కాళ్ళతో చల్లటి నేల మీద నిలబడితే మూత్రపిండాలు పాడవుతాయని ఆ ఊళ్ళో పుట్టిన ప్రతి పసిపిల్లకీ తెలుసు. అంతలో బెల్లు మోగింది. విదోసావ గబుక్కున కుర్చీలో కూలబడి, దుప్పటి మోకాళ్ళ మీద కప్పుకుని, పాదాల చుట్టూ దోపేసుకుంది.

"గడియ లేదు, లోపలికి రా నాయనా! బూట్లు విప్పకు!"

విప్పకు అంటే విప్పాలని అర్థం. వచ్చినవాడు విప్పాడు. పేరు రాస్త్కో, సన్నగా పొడుగ్గా ఉన్న కుర్రాడు, ఎడమ మేజోడు చిల్లులోంచి బొటనవేలు తొంగి చూస్తోంది. విదోసావ చూసింది, జాలిపడింది, చూడనట్టు ఊరుకుంది. మర్యాదంటే అదే కదా.

పాకం జాడీ ముందుకి తోసింది.

"అమ్మా, మేం ఏమీ తీసుకోకూడదు..." అని అతను నసిగాడు.

"సరే అయితే. మాట్లాడుకోవడం కూడా ఎందుకులే," అని ఆవిడ మొహం పక్కకి తిప్పుకుంది.

రాస్త్కో చెంచా తీసుకున్నాడు. నీళ్ళు తాగాడు. కాఫీ తాగాడు. రొట్టె ఒక ముక్క తిని, రెండోదానికేసి చూసి, అదీ తిన్నాడు. అప్పుడడిగాడు. "బట్టలు మీరే వేసుకుంటారా?"

"వేసుకోకుండా ఉన్నానా ఇప్పుడు?"

"వంట?"

"మీ నాన్నని అడుగు, స్టేషను హోటల్లో ఎవరి చేతిది తిన్నాడో."

"ఇంట్లో తిరగడానికి ఇబ్బందేం లేదుగా?"

"ఇల్లే చిన్నది. నాట్యం చెయ్యాలంటే కష్టం గాని, తిరగడానికేం?"

అతను పకపకా నవ్వాడు. ఆవిడకి ప్రాణం లేచొచ్చింది. ఎన్నాళ్ళయింది ఈ ఇంట్లో ఒక చుట్టం తిని, తాగి, నవ్వి! కాగితాలు సంచిలో పెట్టుకుంటూ రాస్త్కో మనసారా అన్నాడు. "ఈ వారం నేను చూసినవాళ్ళలో మీరే గట్టిగా ఉన్నారమ్మా. నిజంగా సంతోషంగా ఉంది. మీకు రోజూ మనిషి అక్కర్లేదు, వారానికొకసారి చాలు. చాలా అవసరంలో ఉన్నవాళ్ళు ఎదురుచూస్తున్నారు. వచ్చే నెల నుంచి జోరిత్సాగారిని వాళ్ళ దగ్గరకి మారుస్తాను."

"గట్టిగా ఉన్నారు" అన్న మాట దగ్గర విదోసావ మొహం వెలిగింది. మిగతా మాటలు ఒక్కొక్కటే దిగేసరికి నోట్లో పచ్చి వెలక్కాయ పడ్డట్టయింది. వచ్చే నెలంటే పండగ. వారానికొకసారి అంటే వారానికొకసారే స్నానం. మిగతా రోజులు ఈ కుర్చీ, ఈ దుప్పటి, ఆ హీటరు మీద మేజోళ్ళు. నిజం చెబుదామా అంటే పొద్దుట్నుంచీ పడ్డ పాటు, ఈ మర్యాద, ఈ నవ్వు, అంతా నాటకమని తన నోటితో తనే ఒప్పుకోవాలి. ముందు నుయ్యి, వెనక గొయ్యి. అదీ తను తవ్వుకున్నదే.

రాస్త్కో లేచాడు. "మీరు కూర్చోండమ్మా, నేను వెళ్తాను."

వచ్చినవాణ్ణి గుమ్మం దాకా సాగనంపాలి. పంపకపోతే ఏం? కాళ్ళ నొప్పులు నాయనా అంటే సరిపోతుంది. అతను పోతాడు, మర్యాద దక్కుతుంది, జోరిత్సా పోతుంది. విదోసావ అతని బొటనవేలి వంక చూసింది. ఈ చిల్లు మేజోడు కుర్రాడి ముందా తన సిగ్గంతా?

"ఆగు," అంది. దుప్పటి ఒక్క లాగు లాగి నేల మీద పడేసింది.

చలికి కమిలి, ఉబ్బి, నీలం తిరిగిన రెండు పాదాలు.

"చూశావా నాయనా? పైన పటారం, లోన లొటారం. అవిగో నా మేజోళ్ళు, హీటరు మీద. పొద్దుట్నుంచీ నేను వాటిని చూస్తున్నా, అవి నన్ను చూస్తున్నాయి. ఈ కాఫీ నీ ముందు పెట్టడానికి కోడి కూయకముందు లేచాను. ఆ రొట్టె జోరిత్సా చేసింది. స్నానం అదే చేయిస్తుంది. జుట్టు అదే దువ్వుతుంది. నిన్న రాత్రి దువ్వితే ఇంకా చెదరలేదు, చూడు. అది రాకపోతే ఈ కుర్చీలోనే మురిగిపోతూ, నీలాంటివాడు వచ్చినప్పుడల్లా కాఫీ ఇచ్చి, బాగున్నాను బాబూ అంటూ పోతాను."

రాస్త్కో మెల్లగా కూర్చున్నాడు. ఆ పాదాల వంకే చూశాడు.

"నిన్న కొండవీధిలో ఒక పెద్దాయన," అన్నాడు చివరికి. "కుర్చీలోంచి లేవకుండానే నాకు సారా పోశాడు. ఎన్ని జోకులు చెప్పాడో. ఆయన మోకాళ్ళ మీదా దుప్పటి ఉంది."

"తగ్గించేశావా?"

అతను తలూపాడు. మొహం పాలిపోయింది.

"అయితే మళ్ళీ వెళ్ళు. ఆయన పోసింది తాగు, లేకపోతే నొచ్చుకుంటాడు. తాగాక దుప్పటి తియ్యమను."

అప్పుడే, తాళం వెయ్యని తలుపులో అలవాటుగా తాళంచెవి తిరిగింది. మార్కెట్లో ఎంతసేపని క్యాబేజీలు ఏరుతుంది, ఉండబట్టలేక వచ్చేసింది జోరిత్సా. గదిలో కాఫీ కప్పులు చూసింది, పాకం జాడీ చూసింది, పెదాల రంగు చూసింది. ఆ తర్వాత కాళ్ళు చూసింది.

"బోసి కాళ్ళు! ఈ చలిలో! నేల మీద!" కిటికీ అద్దాలు అదిరాయి. "పెద్దమ్మా, నీకు బుద్ధుందా? అయ్యా, ఆఫీసుబాబూ, మీకైనా ఉందా? చూస్తూ కూర్చున్నారా?"

క్యాబేజీ సంచి అక్కడే పడేసి మోకాళ్ళ మీద కూర్చుంది. రెండు పాదాలూ ఒళ్ళోకి తీసుకుని అరచేతులతో రుద్దింది. "ఇప్పుడు కుడికాలు," అని చెప్పి మేజోడు వేళ్ళ మీదుగా కొంచెం కొంచెంగా చుట్ట విప్పుతూ ఎక్కించింది. నోరు తిడుతూనే ఉంది, చేతులు మాత్రం తొందరపడలేదు. రాస్త్కో కళ్ళార్పకుండా చూశాడు. తనిఖీ ఏదైనా జరిగిందీ అంటే అప్పుడే జరిగింది.

"జోరిత్సాగారు రోజూ వస్తారు," అన్నాడు. "ఏమీ మారదు. ఒక్క ప్రశ్న మిగిలిపోయిందమ్మా, అడిగి తీరాలి. సేవ మీకు తృప్తిగా ఉందా?"

"లేదు," అంది విదోసావ.

జోరిత్సా చెయ్యి మడమ దగ్గర ఆగిపోయింది.

"ఏడాది కావస్తోంది నా ఇంట్లో తిరగబట్టి. ఒక్క చెంచా పాకం నోట్లో పెట్టలేదు. రూలట. నా ఇంటి పరువు తీసేసింది."

జోరిత్సా చెయ్యి మళ్ళీ కదిలింది. రాస్త్కో తన ముందున్న ఖాళీ పళ్ళేల వంక చూసుకుని, చెవుల దాకా ఎర్రబడ్డాడు. "ఆ రూలు పనివేళలకేనమ్మా," అన్నాడు. "నేనే పాటించలేదనుకోండి. పని అయిపోయాక చుట్టపుచూపుగా వస్తే ఎవరడుగుతారు?"

పండగరోజు పొద్దున్నుంచీ ఇల్లంతా గోధుమలు ఉడికిన వాసన. "ఉడికాయా లేదా నొక్కి చూడు," "చక్కెర అప్పుడే వెయ్యకే," "అక్రోటు నూరమన్నాను గాని పిండి చెయ్యమన్నానా?" అంటూ విదోసావ కుర్చీలోంచే వంటింటిని మళ్ళీ ఏలింది. జోరిత్సా స్నానం చేయించింది, జుట్టు దువ్వింది, మేజోళ్ళు తొడిగింది. ఇంటి జోళ్ళు తను స్వయంగా కాళ్ళకి తగిలించి, "ఇవి కదిలితే ఊరుకోను," అంది. పొడుగాటి కొవ్వొత్తి వెలిగించారు. కిటికీలో, హాల్లో, వంటింట్లో, అన్ని దీపాలూ వేయించింది విదోసావ, ఇంకా చీకటి పడకుండానే.

మధ్యాహ్నం జోరిత్సా పని ముగిసింది. సాయంత్రం చుట్టాల కోసం ఎలాగూ ఉండిపోతానంది.

"ఆ ఏప్రను విప్పేయ్," అంది విదోసావ.

"ఎందుకు?"

"కోటు తొడుక్కో. బయటికి పో."

"నేనేం చేశాను పెద్దమ్మా?"

"తాళంచెవి ఇక్కడ పెట్టి, బయటికెళ్ళి, తలుపేసుకుని, బెల్లు కొట్టు."

జోరిత్సా ముసలావిడ మొహం చూసింది. తాళంచెవి పాకం జాడీ పక్కన పెట్టింది. కోటు వేసుకుని వెళ్ళింది. తలుపు మూసుకుంది. బెల్లు మోగింది.

విదోసావ లేచింది. వాకర్ ముందుకి, ఒక అడుగు. వాకర్ ముందుకి, ఇంకో అడుగు. గదిలోంచి హాల్లోకి, హాల్లోంచి గుమ్మానికి, అంత దూరం ఎప్పుడు పెరిగిందో ఆ ఇంటికి. తలుపవతల జోరిత్సా రెండోసారి బెల్లు కొట్టలేదు. ఎంతసేపైనా నిలబడేలాగే నిలబడింది. విదోసావ పిడి తిప్పి తలుపు బార్లా తెరిచింది.

"పండగ చల్లగా జరగాలి, ఇంటావిడా," అంది జోరిత్సా. వీధి చివరకి వినిపించే ఆ గొంతు గుమ్మం కూడా దాటలేదు.

"రా తల్లీ, రా. బూట్లు విప్పకు."

గోధుమల గిన్నె గుమ్మం పక్క బల్ల మీదే ఉంది, పొద్దుటే పెట్టించింది. విదోసావ ఒక చేత్తో వాకర్ పట్టుకుని, రెండో చేత్తో చెంచా నింపింది. చెయ్యి వణికింది, నాలుగు గింజలు నేల మీద రాలాయి. ఇద్దరూ వాటివంక చూడలేదు. జోరిత్సా చెంచా నోట్లో పెట్టుకుని, నమిలి, కళ్ళు తుడుచుకుంది. ఆ తర్వాత బల్ల దగ్గర కూర్చోబెట్టి, చెర్రీ పాకం ఒక చెంచా, మంచినీళ్ళు ఒక గ్లాసు. ఏడాది యుద్ధం అలా ముగిసింది. ఎవరు గెలిచారో నన్నడక్కండి.

చీకటి పడేవేళకి మళ్ళీ బెల్లు. మిలుంకా, ఆవిడ వెనకాల రాస్త్కో, కాళ్ళకి కొత్త మేజోళ్ళు. "కొండవీధి పెద్దాయన మీకు దణ్ణం పెట్టమన్నాడమ్మా. నిన్నట్నుంచి ఆయన దగ్గరికీ రోజూ మనిషి వెళ్తోంది," అన్నాడు గుమ్మంలోనే.

మెట్ల మీద ఇంకా అడుగుల చప్పుళ్ళు వినిపిస్తున్నాయి. జోరిత్సా అలవాటుగా లేచి, ఏప్రను అందుకుని, పళ్ళెం మీద చెయ్యి వేసింది.

"కూర్చో," అంది విదోసావ. "నువ్వు చుట్టానివి. పళ్ళెం ఈ కుర్రాడు మోస్తాడు."